సైకిల్ ట్యూబుతో రోబో రోలర్: బంతి జారని ఇన్‌టేక్ చేసుకునే పద్ధతి

బంతి రోబో ముందుండే రోలర్ కిందికి వచ్చింది. రోలర్ గిర్రున తిరుగుతోంది. అయినా బంతి లోపలికి రాదు, అక్కడే ఆడుతూ ఉంటుంది. నల్లగొండలో మా కాలేజీ ల్యాబులో మొదటిసారి ఇలా జరిగినప్పుడు అందరం ఒకే మాట అన్నాం: రబ్బరు బాగాలేదు, బయటి నుంచి మంచిది తెప్పించాలి. తీరా రోలర్ విప్పి చేతిలోకి తీసుకుని చూస్తే రబ్బరు బాగానే ఉంది. పైపు తిరుగుతోంది, దాని మీద తొడిగిన ట్యూబు మాత్రం కదలడం లేదు. ట్యూబు లోపల ఉండే తెల్ల పౌడరు కడగకుండానే తొడిగేశాం. జారింది బంతి దగ్గర కాదు, పైపు దగ్గర.

అప్పటి నుంచి ఏ రోలర్ చేసినా ముందు లోపలి పట్టు చూస్తాను, బయటి పట్టు సంగతి ఆ తర్వాతే. ఈ గైడ్ కూడా ఆ వరుసలోనే సాగుతుంది. ఖరీదైన సిలికాన్ గొట్టాలు, విదేశీ చక్రాలు అవసరం లేదు. పంచర్ దుకాణం, హార్డ్‌వేర్ షాపు, లేతు మిషన్ ఉన్న వర్క్‌షాపు దగ్గర్లో ఉంటే చాలు. మన జిల్లాల్లో చాలా మండల కేంద్రాల్లో ఈ మూడూ దొరుకుతాయి.

ఈ రోలర్ చేసే పని

ఇన్‌టేక్ రోలర్ అంటే రోబో ముందు అడ్డంగా తిరుగుతూ, నేల మీది బంతినో రింగునో లోపలికి లాక్కునే గొట్టం. వరికోత మిషన్ ముందు తిరిగే రీలు పైరును తనవైపు లాక్కోవడం మనం చూసిందే. ఇదీ అదే పని. 2024లో వియత్నాంలోని క్వాంగ్ నిన్‌లో జరిగిన ఏబీయూ రోబోకాన్ (ఆసియా-పసిఫిక్ దేశాల కాలేజీ జట్ల రోబో పోటీ) ఆట అయితే అచ్చంగా పొలం పనే: నారు నాటాలి, గింజలు ఏరాలి, సైలోల్లో నింపాలి. గింజలంటే బంతులు. గట్టి గింజకు ఒక రంగు, తాలుకు ఇంకో రంగు. 2022లో మన ఢిల్లీలోనే జరిగినప్పుడు ఆట లగోరి, అంటే మన ఏడు పెంకులాట. ఏటా ఆట మారుతుంది. వస్తువును పట్టి లోపలికి తీసుకునే పని మాత్రం ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంటుంది. కాబట్టి ఈ పని ఒకసారి చేత్తో నేర్చుకుంటే తర్వాతి సంవత్సరాలకూ పనికొస్తుంది.

ఏ రబ్బరు తీసుకోవాలి

మా చిన్నాయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ఫిట్టర్. రబ్బరు రోలర్ల గురించి నేను మొదట అడిగింది ఆయన్నే. వడ్ల పొట్టు తీసే మిషన్‌లో రెండు రబ్బరు రోల్స్ ఎదురెదురుగా తిరుగుతాయి, ఒకటి వేగంగా, ఇంకోటి కాస్త నెమ్మదిగా. మధ్యలో పడిన గింజను రెండూ చెరో వేగంతో లాగుతాయి కాబట్టి పొట్టు ఊడిపోతుంది. అరిగి పక్కన పడేసిన రోల్ ఒకటి తెచ్చుకుని దాని రబ్బరు వాడుకుందామని నా ఆలోచన. ఆయన ఆ రోల్ నా ముందు పెట్టి గోరుతో నొక్కమన్నాడు. గోరు దిగలేదు. "ఇది గట్టిగుంటది బిడ్డా, వడ్ల పొట్టు తీసేటందుకు. నీ బంతిని పట్టాలంటే మెత్తది కావాలె" అన్నాడు. పక్కనే గోడకు వేలాడుతున్న పాత ట్యూబు మీద నొక్కమన్నాడు. గోరు దిగింది, తీయగానే గుంట మెల్లగా పూడిపోయింది. నేను ఇప్పటికీ దుకాణంలో రబ్బరు కొనే ముందు చేసే పరీక్ష అదే.

మెత్తదనం ఎందుకంటే, బంతి మీద కంటికి కనపడని ఎత్తుపల్లాలు ఉంటాయి. మెత్తటి రబ్బరు వాటిలోకి దిగుతుంది, నిజంగా ఆనుకునే చోటు పెరుగుతుంది, పట్టు పెరుగుతుంది. రబ్బరు గట్టిదనాన్ని షోర్ ఏ అనే స్కేలు మీద చెబుతారు. మిల్లు రోల్స్ 90కి దగ్గరగా ఉంటాయి. మన పనికి 40 నుంచి 55 మధ్య ఉన్నది బాగుంటుంది. మరీ మెత్తదైతే రెండు ఆటలకే చిరుగుతుంది.

సైకిల్ ట్యూబుల్లో రెండు జాతులున్నాయి, సహజ రబ్బరువి, బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరువి. తేడా తెలుసుకోవడానికి సన్నటి ముక్క కోసి బాగా లాగి వదలండి. టక్కున వెనక్కి వస్తే సహజ రబ్బరు. బద్ధకంగా వస్తే బ్యూటైల్. నా అనుభవంలో సహజ రబ్బరుకు పట్టు కొంచెం ఎక్కువ. కానీ సాగదీసి పైపు మీద నెలల తరబడి ఉంచితే గాలిలోని ఓజోన్ వల్ల దాని మీద సన్నటి పగుళ్లు వస్తాయి. బ్యూటైల్ ఆ దెబ్బను బాగా తట్టుకుంటుంది. ఏడాదంతా ప్రాక్టీసుకు వాడే రోలర్‌కు బ్యూటైల్, పోటీ రోజుకు సహజ రబ్బరు. ఇది నా లెక్క.

మందుల షాపులో దొరికే లేత పసుపు రంగు లేటెక్స్ గొట్టం పట్టులో చాలా మంచిది, కానీ సన్నటి రోలర్లకే సరిపోతుంది, ఎండ తగిలితే తొందరగా పాడవుతుంది. సిలికాన్ గొట్టం మెత్తగా, అందంగా ఉంటుంది. దానికి ఏ మామూలు జిగురూ అంటుకోదు, సిలికాన్ సీలెంట్ ఒక్కటే అంటుకుంటుంది. పైగా దుమ్మును అయస్కాంతంలా లాగుతుంది. ట్రాక్టర్ ట్యూబు మందం ఎక్కువ, పైపు మీదికి సాగదు. దాన్ని పట్టీలుగా కోసి రెక్కల్లా బిగిస్తే, సైజు సరిగ్గా లేని వస్తువులను లోపలికి తోయడానికి పనికొస్తుంది.

పంచర్ దుకాణంలో పాత ట్యూబులు అడిగితే ఊరికే ఇస్తారు. తీసుకునేటప్పుడు మాత్రం వాల్వు ఉన్న చోటును, ట్యూబు రెండు కొసలు కలిపి అతికిన చోటును, పంచర్ వేసిన చోటును వదిలేసి మిగతా పొడవు మీకు సరిపోతుందా చూడండి. అతుకు ఉన్న ముక్క రోలర్ మీద ఎత్తుగా నిలుస్తుంది, ప్రతి చుట్టుకూ బంతిని ఎగరేస్తుంది.

పైపుకూ ట్యూబుకూ జత కుదర్చడం

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ట్యూబును గాలి లేకుండా బల్ల మీద చదునుగా పరిచి, వెడల్పు స్కేలుతో కొలవండి. ఆ వెడల్పును రెండుతో గుణిస్తే ట్యూబు చుట్టుకొలత. ఉదాహరణకు వెడల్పు 40 మిల్లీమీటర్లు ఉంటే చుట్టుకొలత 80. దాన్ని 3.14తో భాగిస్తే 25.5 మిల్లీమీటర్లు. ట్యూబు సాగకుండా ఉన్నప్పుడు దాని వ్యాసం అది.

వ్యవసాయానికి వాడే పీవీసీ పైపుల సైజు బయటి వ్యాసంతో చెబుతారు: 25, 32, 40, 50, 63 మిల్లీమీటర్లు. ఇది మనకు బాగా కలిసొచ్చే విషయం, లెక్క నేరుగా వేసుకోవచ్చు. పై ట్యూబును 25 పైపుకు వేస్తే వదులుగా వేలాడుతుంది. 32 పైపు చుట్టుకొలత 100.5, అంటే ట్యూబు సుమారు 25 శాతం సాగుతుంది. ఇది సరైన జత. 15 శాతం కంటే తక్కువ సాగితే పైపు మీద జారుతుంది. 35 శాతం దాటితే తొడగడం నరకం, రబ్బరు పలచబడి చిన్న గీత పడ్డా ఆ చివరి నుంచి ఈ చివరికి చిరిగిపోతుంది. 40, 50 పైపులకు స్కూటర్, మోటారు సైకిల్ ట్యూబులు చూడండి. వెడల్పు కొలిచి ఇదే లెక్క వేసుకుంటే సరి.

ఇంకో సంగతి. ట్యూబు అడ్డంగా సాగితే నిలువుగా పొట్టిదవుతుంది. 25 శాతం సాగినప్పుడు పొడవు పదో వంతుకు పైగా తగ్గుతుంది. 300 మిల్లీమీటర్ల రోలర్‌కు సరిగ్గా 300 కోస్తే తొడిగాక 270 కూడా రాదు. చివర లోపలికి మడవడానికి కూడా కావాలి కదా, అందుకని 370 కోసుకోండి. మిగిలితే కత్తిరించడం క్షణం పని.

కడగడం, గరుకు చేయడం

ట్యూబు తయారుచేసేటప్పుడు లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కోకుండా పౌడరు చల్లుతారు. మొదట్లో చెప్పిన మా తలనొప్పి అదే. ట్యూబు ముక్కను తిరగేసి, లోపలి వైపు బయటికి వచ్చేలా చేసి, గిన్నెలు తోమే సబ్బుతో రెండుసార్లు కడగండి. వేలితో రుద్దితే కిర్రుమని చప్పుడు రావాలి. చప్పుడు రాకపోతే ఇంకా పౌడరు ఉన్నట్టే. నీడలో ఆరబెట్టండి. మన ఎండల్లో డాబా మీద పడేస్తే రబ్బరు ఆయుష్షు సగం అక్కడే పోతుంది.

బయటి వైపు తళతళలాడే పొర ఉంటుంది. అది అచ్చు నుంచి ఊడటానికి పూసిన మందుతో కలిసిన పొర, బంతిని పట్టదు. ట్యూబు పైపు మీదికి ఎక్కాక 120 నంబరు ఎమెరీ పేపరుతో నల్లటి పొడి రాలేదాకా రుద్దండి. మెరుపు పోయి మసి రంగులోకి వస్తే చాలు. ముందే రుద్దితే తొడిగేటప్పుడు చిరిగే అవకాశం ఉంది.

పైపును కూడా అదే పేపరుతో గరుకు చేయండి, కానీ నిలువుగా, పైపు పొడవునా. చుట్టూ రుద్దితే గీతలు తిరిగే దిశలోనే పడతాయి, ట్యూబు వాటి వెంబడి సులువుగా జారుతుంది. నిలువు గీతలైతే అడ్డం పడతాయి. ఆక్సా బ్లేడుతో కోసిన పైపు అంచులను తప్పకుండా నున్నగా చేయండి. ఆ చిన్న పదును చాలు ట్యూబును చీల్చడానికి.

పెట్రోలు, థిన్నర్, కొబ్బరినూనె వీటి దగ్గరికి రానీయొద్దు. మూడూ రబ్బరును ఉబ్బిస్తాయి లేదా జిడ్డు చేస్తాయి. తలకు నూనె రాసుకుని ల్యాబుకు వచ్చి అదే చేత్తో రోలర్ పట్టుకున్నా తేడా తెలుస్తుంది, మా దగ్గర ఆ రోజు రోలర్ ముట్టుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోవడం రూలు. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. మందుల షాపు స్పిరిట్ తీసుకుంటే అందులో నూనె కలపలేదని లేబుల్ మీద చూసుకోండి.

తొడగడం

సబ్బునీళ్లతో తొడిగితే సులువే, కానీ సబ్బు లోపలే ఉండిపోతుంది. పైపుకూ రబ్బరుకూ మధ్య ఆరక, రెండు రోజులైనా జారుడుగానే ఉంటుంది. నేను సబ్బునీళ్లు మానేశాను. రెండు దారులున్నాయి.

మొదటిది ఆల్కహాల్. ట్యూబు లోపల రెండు చెంచాలు పోసి, పైపు మీద కొంచెం రాసి, ఆపకుండా ఒకే ఊపులో తోసేయాలి. మధ్యలో ఆగితే అది ఆరిపోయి ట్యూబు అక్కడే పట్టుకుంటుంది. తలుపు, కిటికీ తీసి ఉంచండి, దగ్గర్లో మంట, సోల్డరింగ్ ఐరన్ ఉండకూడదు. తొడిగాక రాత్రంతా వదిలేస్తే పూర్తిగా ఆవిరైపోతుంది, మరకైనా మిగలదు.

రెండోది గాలి. దీన్ని మొదటిసారి చూసింది క్లాక్ టవర్ సెంటర్ దగ్గర పంచర్ దుకాణంలో. మేం ముగ్గురం కూర్చుని అరగంటగా ట్యూబుతో కుస్తీ పడుతుంటే, దుకాణం తాత లేచి వచ్చాడు. ట్యూబు ఒక కొసను నాలుగు వేళ్ల వెడల్పు పైపు మీదికి లాగాడు. రెండో కొసను మడిచి సైకిల్ స్పోకుతో కట్టేశాడు. పైపు అవతలి రంధ్రానికి పాత గుడ్డ చుట్టి గాలి పైపు పెట్టి కొద్దిగా వదిలాడు. గాలి పైపులోంచి పోయి ట్యూబును బుడగలా ఉబ్బించింది. ఉబ్బిన ట్యూబుకూ పైపుకూ మధ్య గాలే సందు చేసింది. రెండు చేతులతో ఇలా తోశాడో లేదో, ట్యూబు చివరిదాకా వెళ్లి కూర్చుంది. గాలి తీయగానే గట్టిగా బిగుసుకుంది. "బలం కాదు బిడ్డా, గాలి" అన్నాడంతే. లోపల తడి లేదు, సబ్బు లేదు, అందుకే ఈ పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం.

గాలి ఒత్తిడి బాగా తక్కువలో ఉంచండి, ట్యూబు కొద్దిగా ఉబ్బితే చాలు. పాత పంచర్ ఉన్న చోట ట్యూబు పేలొచ్చు. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పని చేయొద్దు. పీవీసీ పైపుకు రెండు వైపులా మూతలు బిగించి గాలి నింపడం మాత్రం ఎప్పుడూ చేయకండి, పగిలితే ముక్కలు గాజులా ఎగురుతాయి.

ట్యూబు లోపల మెలి పడిందేమో చూడండి. అచ్చు గీత పైపు వెంట నిటారుగా ఉండాలి. వంకరగా ఉంటే రోలర్ తిరిగేకొద్దీ ట్యూబు ఒక పక్కకు నడుస్తుంది, గంటలో వేలెడు జరగడం నేను చూశాను.

చివరలు కట్టడం

మొత్తం పొడవుకూ జిగురు పూయొద్దు. పోటీలో ట్యూబు చిరిగితే మార్చలేరు. సరైన సాగు, శుభ్రత ఉంటే మధ్యలో జిగురు అక్కర్లేదు. రెండు చివర్లలో 20 మిల్లీమీటర్ల మేర పంచర్ సొల్యూషన్ పైపుకూ ట్యూబుకూ పలచగా పూసి, చేతికి అంటనంతగా ఆరాక అతికించండి. మిగిలిన అంచును పైపు లోపలికి మడిచి, దాని మీదే మూత బిగిస్తే ట్యూబు ఎటూ కదలదు. సైకిల్ పంచర్ వేసేవాళ్లు సొల్యూషన్ పూశాక కాసేపు ఊదుతూ ఆగుతారే, ఆ ఓపిక ఇక్కడా కావాలి. ఫెవిక్విక్ అత్యవసరానికి పనికొస్తుంది. అది గట్టిపడి పెళుసవుతుంది, రెండు రోజుల్లో అంచు లేస్తుంది.

మూతలు, ఇరుసు, మోటారు

మూతలకు నైలాన్ రాడ్ లేతు మీద తిప్పించుకోండి. పైపు లోపలి వ్యాసం వెర్నియర్‌తో కొలిచి, ట్యూబు మడత మందం తీసేసి చెప్పండి. 3డీ ప్రింటర్ ఉంటే దానితోనూ చేసుకోవచ్చు, లోపల నిండుగా ఉండేలా ప్రింట్ చేయండి. మూతకు సరిగ్గా మధ్యలో 8 మిల్లీమీటర్ల రంధ్రం. మధ్య అన్న మాట లేతు ఆయనకు రెండుసార్లు చెప్పండి. అర మిల్లీమీటరు పక్కకు జరిగినా రోలర్ ఊగుతుంది. మూతను పైపుకు మూడు స్క్రూలతో, సమాన దూరంలో బిగించండి, తలలు పైకి కనపడకూడదు.

8 మిల్లీమీటర్ల ఇరుసుకు 608 బేరింగ్ సరిపోతుంది. దాని బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు, స్కేటింగ్ చక్రాల్లో ఉండేది అదే. రోలర్ బరువంతా, బంతి తాకిడంతా బేరింగులే మోయాలి. జాన్సన్ గేర్ మోటారు (రోబోలకు వాడే, గేర్లు బిగించిన చిన్న మోటారు) ఇరుసుకు నేరుగా రోలర్ తగిలిస్తే మొదట్లో బాగానే ఉంటుంది, తర్వాత గేర్ బాక్సు లూజవుతుంది. మోటారు పక్కన పెట్టి పళ్ల బెల్టుతో తిప్పండి. గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న బిగింపు స్క్రూ) కూర్చునే చోట ఇరుసును ఆకురాయితో చదును చేయడం మర్చిపోవద్దు.

వేగం లెక్క

రోలర్ అంచు వేగం కావాలంటే వ్యాసాన్ని మీటర్లలో తీసుకుని 3.14తో, ఆర్పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లు) గుణించి 60తో భాగించాలి. 32 పైపు మీద ట్యూబు తొడిగితే వ్యాసం సుమారు 34 మిల్లీమీటర్లు. 500 ఆర్పీఎం మోటారుతో అంచు వేగం సెకనుకు 0.9 మీటర్లు. రోబో సెకనుకు 1 మీటరు నడిచేదైతే ఈ రోలర్ సరిపోదు.

కారణం చూడండి. బంతి కింద నేల ఉంది, పైన రోలర్ ఉంది. రోబో ముందుకు పోతుంటే, రోబోలో కూర్చుని చూసేవాడికి నేల కూడా బంతిని లోపలికే తోస్తున్నట్టు ఉంటుంది. అదే రోబో వెనక్కి నడిస్తే నేల బంతిని బయటికి లాగుతుంది. అప్పుడు రోలర్ అంచు వేగం రోబో వేగం కంటే ఎక్కువ ఉంటేనే బంతి లోపలికి వస్తుంది. సమానమైతే బంతి ఉన్నచోటే తిరుగుతుంది. తక్కువైతే చేతికందిన బంతి జారిపోతుంది. ఎదుటి రోబో మీదికి వస్తుంటే వెనక్కి తగ్గుతూ బంతి పట్టాల్సిన టైము ప్రతి ఆటలో వస్తుంది. అందుకే రోబో వేగానికి రెండింతలు పెట్టుకోండి. 1000 ఆర్పీఎం మోటారు వాడితే 1.8 మీటర్లు వస్తుంది. లేదా 500 ఆర్పీఎంతోనే 63 పైపు వాడితే 1.7 వస్తుంది. జాగా ఉంటే నేను పెద్ద పైపుకే ఓటేస్తాను, ఎందుకో కింద చెబుతాను.

సందు ఎంత

రోలర్‌కూ నేలకూ మధ్య సందు బంతి వ్యాసం కంటే తక్కువ ఉండాలి, బంతి కొంచెం నొక్కుకుంటూ లోపలికి రావాలి. మెత్తటి స్పాంజి బంతికి వ్యాసంలో పదో వంతు నొక్కుడుతో మొదలుపెట్టండి. గాలి నింపిన గట్టి బంతికి అందులో సగం.

"ఇంకా దించుదాం, గట్టిగా పట్టుకుంటుంది" అని ప్రతి జట్టులో ఒకరు అంటారు. దించితే ఏమవుతుందో లెక్క వేసి చూపిస్తాను. బంతి వ్యాసం 150, రోలర్ వ్యాసం 40 అనుకుందాం. సందు 135 పెడితే బంతి 15 మిల్లీమీటర్లు నొక్కుకోవాలి. రోలర్ బంతిని మొదట తాకే చోటు బంతి నడినెత్తి మీద కాదు, దానికి 33 డిగ్రీలు ముందు. అక్కడ రోలర్ బంతిని లాగుతూనే, బయటికి నెడుతూ కూడా ఉంటుంది. నెట్టుడును లాగుడు గెలవాలంటే ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంతో చెప్పే అంకె, కనీసం 0.29 కావాలి, రోలర్ దగ్గరా నేల దగ్గరా కూడా. అదే సందు 120కి దించితే కోణం 47 డిగ్రీలకు పెరుగుతుంది, గుణకం 0.43 కావాలి. మంచి రబ్బరు రోలర్ దగ్గర ఇది ఇస్తుందేమో కానీ, దుమ్ము పట్టిన గచ్చు నేల ఇవ్వదు. బంతి కింద జారుతుంది, రోలర్ దాన్ని ముందుకు తోసుకుంటూ పోతుంది.

రోలర్ వ్యాసం పెరిగితే అదే నొక్కుడికి ఈ కోణం తగ్గుతుంది. పెద్ద పైపు మీద నా ఇష్టానికి కారణం ఇదే.

ఇంకో దారి ఉంది. రోలర్‌ను గట్టిగా బిగించకుండా, రెండు పక్కలా చేతుల మీద వేలాడదీసి, రబ్బరు బ్యాండుతోనో స్ప్రింగుతోనో కిందికి లాగి ఉంచండి. బంతి వచ్చినప్పుడు రోలర్ కొంచెం పైకి లేచి, వెంటనే నొక్కి పట్టుకుంటుంది. సందు అర సెంటీమీటరు అటూఇటూ అయినా పని నడుస్తుంది. గట్టి బంతులకైతే నేను ఇంకెలాగూ చేయను. బంతి మరీ గట్టిగా ఉండి రోలర్ లేవడానికి జాగా లేకపోతే, పైపు మీద ముందు 3 మిల్లీమీటర్ల ఈవీఏ షీటు (స్పాంజి లాంటి మెత్తటి షీటు) ఒక చుట్టు అతికించి, ఆ మీద ట్యూబు తొడగండి. అప్పుడు మెత్తదనం లోపలి నుంచే వస్తుంది. చుట్టుకొలత మారుతుంది కాబట్టి సాగు లెక్క మళ్లీ వేసుకోవాలి.

పరీక్ష

రెండు పరీక్షలు చేయండి. మొదటిది లోపలి పట్టుకు. రోలర్ తయారయ్యాక సున్నంతో ట్యూబు మీద ఒక గీత, దానికి ఎదురుగా పైపు మూత మీద ఒక గీత పెట్టండి. రోలర్ తిప్పుతూ, తోలు గ్లౌజు వేసుకున్న అరచేతితో పై నుంచి అదిమి అర నిమిషం ఉంచండి. వదులు చొక్కా చేతులు, మెడలో ఐడీ కార్డు తాడు ముందే తీసేయండి. ఆపి చూస్తే రెండు గీతలూ ఎదురెదురుగా ఉండాలి. ఒక్క మిల్లీమీటరు జరిగినా ఆ రోలర్‌ను రోబోకు బిగించొద్దు, విప్పి మళ్లీ కడగండి.

రెండోది బయటి పట్టుకు. చిన్న చెక్క ముక్క అడుగున మీ రోలర్ ట్యూబునే అతికించండి. పాత బంతిని చీల్చి బల్ల మీద పరచండి. చెక్కను దాని మీద పెట్టి, మొత్తం బరువు 1 కిలో అయ్యేలా పైన బరువు పెట్టి, స్ప్రింగ్ త్రాసుతో అడ్డంగా లాగండి. కదలడం మొదలయ్యేటప్పుడు త్రాసు ఎంత చూపిస్తే అదే గుణకం. 600 గ్రాములు చూపిస్తే 0.6. ఇప్పుడు రబ్బరు మీద కొంచెం మట్టి చల్లి మళ్లీ లాగండి. అంకె ఎంత పడిపోతుందో మీ కళ్లతో చూస్తే, ఆ తర్వాత ఎవరూ రోలర్ తుడవడం మర్చిపోరు.

పోటీ రోజు

ప్రతి ఆట తర్వాత తడి గుడ్డతో ఒకసారి, ఆరాక ఆల్కహాల్‌తో ఒకసారి తుడవండి. మెరుపు కనపడితే ఎమెరీ పేపరుతో పది రుద్దులు. రోబోను పక్కన పెట్టేటప్పుడు రోలర్ కింద బంతిని ఇరికించి వదిలేయొద్దు, రాత్రికి రాత్రే ఆ చోట రబ్బరు చదునుగా ఉండిపోతుంది. వేసవిలో పోటీకి బయల్దేరితే రోలర్లను కారు డిక్కీలో పెట్టకండి, మనతో పాటు సీటు దగ్గర నీడలో పెట్టుకోవాలి.

స్పేర్‌గా ట్యూబు ముక్కలు కాదు, మూతలు, బేరింగులు బిగించి గీతల పరీక్ష దాటిన పూర్తి రోలర్లు రెండు పట్టుకెళ్లండి. పిట్‌లో (పోటీ చోట రోబోను సరిచేసుకునే జాగా) ట్యూబు తొడిగే టైమూ ఉండదు, గాలి మిషనూ ఉండదు. పాతది విప్పి కొత్తది బిగించడం రెండు నిమిషాల్లో అయ్యేదాకా ల్యాబులోనే ఇద్దరు గడియారం పెట్టుకుని సాధన చేయాలి. బేరింగ్ పట్టీలను ఒకే సైజు అలెన్ కీతో విప్పేలా పెట్టుకుని, ఆ కీని దారంతో రోబోకే కట్టేయండి.